ఆర్కెస్ట్రా ఆడిషన్‌కు వయొలిన్, 4వ పాఠం: మోజార్ట్‌లోకి తకిట ఎలా వచ్చింది

ఈ వారం రిచర్డ్ స్ట్రాస్ 'డాన్ జువాన్' మొదటి పేజీ మొదలుపెడదామని మూడో పాఠం చివర రాశాను. దానికి ఈసారి చివర్లో కాస్త చోటే మిగిలింది. మీరు పంపిన రికార్డింగులు విన్నాక, ఉన్న తప్పును అలాగే పెట్టుకుని స్ట్రాస్‌లోకి వెళ్తే అక్కడ అది రెట్టింపు అవుతుందని అర్థమైంది. అందుకే ముందు దాన్ని సరిచేద్దాం.

ఇచ్చిన పని మోజార్ట్ 39వ సింఫనీ రెండో మూవ్‌మెంట్, మొదటి వయొలిన్ భాగం, 1 నుంచి 27 బార్లు. శ్రుతి చాలామందికి బాగానే కుదిరింది. ఏ-ఫ్లాట్ మేజర్‌లో అది తేలిక కాదు. మన నాలుగు ఓపెన్ తీగల్లో ఆ స్కేల్‌కి చెందింది జి ఒక్కటే. డి, ఏ, ఇ మూడూ అక్కడ ఫ్లాట్లే కాబట్టి ఓపెన్ తీగతో సరిచూసుకునే అవకాశం దాదాపు లేదు. అయినా బాగా పట్టారు. జారింది లయ. దాదాపు అందరిలో ఒకే చోట, ఒకే తీరులో జారింది. 'డాటెడ్ రిథమ్ జాగ్రత్త' అని ఒక్క వాక్యంతో వదిలేశాను, అది చాలలేదు.

ఆ ఆందాంతే (ఈ రెండో మూవ్‌మెంట్ పేరు అదే) ఎక్కువగా డాటెడ్ సిక్స్‌టీంత్, దాని వెంట ఒక థర్టీసెకండ్ మీద నడుస్తుంది. రెండూ కలిపితే ఒక ఎయిత్ నోట్. ఆ ఎయిత్ నోట్‌ను నాలుగు పాళ్లు చేస్తే పెద్ద నోట్‌కు మూడు, చిన్నదానికి ఒకటి. మన కర్ణాటక లయ లెక్కలో చతురశ్ర నడక, అంటే నాలుగు అక్షరాలది. తకధిమి అంటే త-క-ధి వరకు పెద్ద నోట్ సాగి, మి మీద చిన్నది పడాలి. మీ రికార్డింగుల్లో వినిపిస్తున్నది తకిట: త-కి వరకు పెద్దది, ట మీద చిన్నది. మూడుకు ఒకటి కావలసింది రెండుకు ఒకటి అయింది. చతురశ్రం మెల్లగా మూడు అక్షరాల తిశ్రంలోకి ఒరిగిపోయింది.

ఇది ఎంత తేడానో అంకెల్లో చూడండి. నిమిషానికి 84 ఎయిత్ నోట్లు పెట్టుకుంటే ఒక ఎయిత్ నోట్ సుమారు 714 మిల్లీసెకన్లు. సరైన చిన్న నోట్ 179 మిల్లీసెకన్లు ఉంటుంది, తకిటలోది 238. తేడా అరవై లోపే. వాయిస్తున్నప్పుడు మీ చెవికి అందదు, ఎందుకంటే మీ మనసు అప్పటికే తర్వాతి బార్ దగ్గర ఉంటుంది. వాయించేది ఎవరో కనిపించకుండా కట్టే తెరకు అవతల కూర్చునే ఎంపిక కమిటీకి మాత్రం మొదటి రెండు బార్లలోనే అందుతుంది. వాళ్ల ముందు స్కోర్ ఉంటుంది, అదే 27 బార్లు పొద్దుటి నుంచి వింటూ ఉంటారు. శ్రుతి గురించి గది ప్రతిధ్వని మీద నెపం వేయవచ్చు, టోన్ విషయంలో ఇష్టాయిష్టాలు ఉండవచ్చు. మూడుకు ఒకటా, రెండుకు ఒకటా అన్నదాని మీద కమిటీలో వాదన ఉండదు. తొలి రౌండ్‌లో ఒక్కొక్కరికి దొరికేది చాలా చోట్ల పది నిమిషాల లోపే, అందులోనూ కన్సర్టో ఎక్స్‌పొజిషన్‌కే (సోలో రచన మొదటి భాగానికే) కొంత పోతుంది. ఈ ఎక్సర్ప్ట్ (ఆడిషన్‌కు ఎంచిన ముక్క) అడిగేదే ఈ లయ కోసం.

ఎందుకు జారుతుందో తెలియకుండా మెట్రోనోమ్ పెట్టుకుని వంద సార్లు వాయిస్తే, తప్పే వంద సార్లు సాధన అవుతుంది. కారణాలు మూడు వినిపించాయి.

మొదటిది బో. చిన్న నోట్‌ను వేరే బోలో తీసుకునేవాళ్లకు ఇది వస్తుంది. పెద్ద నోట్‌కు మూడు పాళ్ల సమయంలో ఖర్చు చేసిన బోను చిన్న నోట్ ఒక్క పాలులో వెనక్కి తేవాలి. అంటే మూడు రెట్ల వేగం. ఆ వేగానికి చిన్న నోట్ మీద దెబ్బ వినిపిస్తుంది. మెల్లగా వాయించాల్సిన చోట ఆ దెబ్బ చెవికి గుచ్చుకుంటుంది కాబట్టి, చెయ్యి తనకు తానే చిన్న నోట్‌ను కాస్త సాగదీసి దెబ్బను తగ్గించుకుంటుంది. తకిట అక్కడే పుడుతుంది. మందు: పెద్ద నోట్‌కు బో తక్కువ వాడండి, మూడు వేళ్ల వెడల్పు చాలు. లేదా రెండు నోట్లూ ఒకే బో దిశలో తీసుకుని, మధ్యలో బో తీగను వదలకుండా ఆపండి. నేనైతే రెండోదే వాడమంటాను, బో మధ్య నుంచి కాస్త కిందికి, బ్యాలెన్స్ పాయింట్ దగ్గర.

రెండోది ఎడమ చెయ్యి. స్లర్‌లో, అంటే బో ఆపకుండా ఒకే లాగులో వాయించినప్పుడు లయను నిర్ణయించేది బో కాదు, వేలు. చిన్న నోట్ వేలు ఎప్పుడు పడితే అదే దాని సమయం. కర్ణాటక వయొలిన్ నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఒక స్వరం నుంచి మరోదానికి జారుతో వెళ్లే అలవాటు చేతిలో ఉంటుంది. ఆ జారు ధి మీదే మొదలవుతుంది. వేలు మి మీదే చేరినా, వినేవాళ్లకు చిన్న నోట్ ముందే మొదలైనట్టు అనిపిస్తుంది. మీ రికార్డింగుల్లో కొన్నింటిలో వేలు సరిగ్గానే పడింది, జారు వల్లే తకిట వినిపించింది. గమకం మీ బలం, దాన్ని పోగొట్టుకోవద్దు. కానీ ఈ 27 బార్లలో వేలు తీగ మీద పైనుంచి నిటారుగా, సుత్తి పడ్డట్టు పడాలి. షిఫ్ట్ (ఎడమ చెయ్యి తీగ వెంట స్థానం మారడం) తప్పనిసరైతే పెద్ద నోట్ చివర బో బరువు తగ్గించి, ఆ తేలిక సమయంలో చెయ్యి జరపండి. దీనికంటే మంచిది, షిఫ్ట్‌ను చిన్న నోట్ ముందు పెట్టకుండా ఫింగరింగ్ మార్చుకోవడం. నాలుగో వేలు బలహీనంగా ఉందని షిఫ్ట్‌లు పెట్టుకున్నవాళ్లు ముందు నాలుగో వేలు మీద పని చేయండి.

మూడోది టెంపో ఎక్కడి నుంచి తీసుకున్నారన్నది. పెద్ద నోట్ చూసి టెంపో అనుకుంటే, ఆ పెద్ద నోట్ ఎంత పొడవో మీకే తెలియదు. మనసులో ఒక తకధిమి మొత్తం అనుకుని, మి ఎక్కడ పడుతుందో విని, ఆ తర్వాతే బో తీగ మీద పెట్టండి.

ఇదే తప్పు అద్దంలో బొమ్మలా తిరగబడి కనిపించే చోటు ఒకటి ఉంది. అది చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. బీథోవెన్ 7వ సింఫనీ మొదటి మూవ్‌మెంట్, వివాచే. 6/8, డాటెడ్ క్వార్టర్ 104 అని ఆయనే మెట్రోనోమ్ గుర్తు ఇచ్చారు. ఒక్కో దెబ్బకు మూడు ఎయిత్ నోట్లు, అంటే మూడు 'తక'లు: తక తక తక. అందులో డాటెడ్ ఎయిత్ 'తక త' వరకు సాగుతుంది, సిక్స్‌టీంత్ రెండో 'క' మీద పడుతుంది, చివరి ఎయిత్ మూడో 'తక'. మూడు, ఒకటి, రెండు. ఇక్కడ జరిగే తప్పేమిటంటే చివరి రెండు నోట్లూ సమానమైపోవడం: రెండు, ఒకటి, ఒకటి. అంటే తకధిమి. మోజార్ట్‌లో చతురశ్రం తిశ్రమైతే, బీథోవెన్‌లో తిశ్రం చతురశ్రమవుతుంది. ఒక ముఖ్యమైన సంగతి: ఈ తప్పులో మొదటి నోట్ పొడవు ఏమీ మారదు. 104 దగ్గర అది సరిగ్గా వాయించినా 288 మిల్లీసెకన్లే, తప్పుగా వాయించినా 288. మారేది తర్వాతి రెండే: 96, 192 కావలసినవి 144, 144 అవుతాయి. కాబట్టి 'డాట్‌ను ఇంకా సాగదీయి' అన్న సలహా ఇక్కడ పనికిరాదు. మూడో తక ఎక్కడ మొదలవుతుందో అక్కడ గట్టిగా నిలబడాలి. మోజార్ట్‌లో మి కోసం ఎదురుచూడాలి, బీథోవెన్‌లో మూడో తక కోసం.

కొంతమంది మోజార్ట్‌లో డాట్‌ను కావాలనే మరీ సాగదీసి, చిన్న నోట్‌ను బాణంలా కొట్టి పంపారు. ఎక్కువ చేస్తే సరైన చోటికి వచ్చి ఆగుతుందన్న ఆలోచన. ఈ దారి నాకు నచ్చదు. రెండు డాట్లు ఉన్నట్టు మొండిగా, మిలిటరీ బ్యాండ్‌లా వినిపిస్తుంది. ఆ మూవ్‌మెంట్‌కు మెత్తదనం ప్రాణం.

ఇప్పుడు సాధన. మెట్రోనోమ్‌ను 168 పెట్టండి. ఒక్కో దెబ్బ తకధిమిలో ఒక్కో అక్షరం. నాలుగు దెబ్బలకు ఒక ఎయిత్ నోట్, అంటే ఎయిత్ 42. సగం వేగం. ముందు వయొలిన్ లేకుండా, నోటితో త-క-ధి మౌనంగా అనుకుని మి ఒక్కటే పైకి అనండి. తర్వాత వయొలిన్ మీద చిన్న నోట్లు మాత్రమే వాయించండి, పెద్ద నోట్ల చోట బో గాలిలో ఆగాలి. ఇది విసుగు పుట్టిస్తుంది, కానీ మి ఎక్కడుందో చేతికి తెలిసేది ఇక్కడే. ఆ తర్వాత అన్నీ వాయించండి. కుదిరాక మెట్రోనోమ్‌ను 84 మీద, అంటే అసలు వేగంలో, ఎయిత్ నోట్‌కు ఒక దెబ్బ చొప్పున పెట్టండి. అది కుదిరాక 42, క్వార్టర్‌కు ఒక దెబ్బ. చివరికి బార్‌కు ఒక్క దెబ్బ. మధ్య ఖాళీ పెరిగేకొద్దీ తకిట మళ్లీ తలెత్తుతుంది. ఎక్కడ తలెత్తితే అక్కడి నుంచి ఒక మెట్టు కిందికి దిగండి.

మీ చెవిని నమ్మకుండా కొలవడం కూడా నేర్చుకోండి. ఫోన్ రికార్డింగ్‌ను ఆడాసిటీలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, శ్రుతి మారకుండా టెంపో సగానికి తగ్గించి వినండి. అరవై మిల్లీసెకన్లు నూట ఇరవై అవుతాయి, అప్పుడు తప్పు దాక్కోలేదు. ఇంకా అనుమానముంటే అసలు రికార్డింగ్‌లో చిన్న నోట్ మొదలు నుంచి తర్వాతి నోట్ మొదలు వరకు తరంగాన్ని ఎంచి చూడండి, మిల్లీసెకన్లు అక్కడే కనిపిస్తాయి. 84 దగ్గర 165 నుంచి 195 మధ్య ఉంటే నాకు సమ్మతమే, ఎవరి చెయ్యీ యంత్రం కాదు. 215 దాటితే అది తకిటే.

మిగతా ప్రశ్నలు త్వరగా. ట్యూనింగ్: అమెరికాలో ఏ స్వరం 440 నుంచి 442 హెర్ట్జ్, జర్మనీ, ఆస్ట్రియాల్లో 443 వరకూ ఉంటుంది. పిలుపు పత్రంలో చూసుకుని రెండు వారాల ముందు నుంచి అదే శ్రుతిలో సాధన చేయండి. భారత్‌లో ఉన్నవాళ్లు అడిగారు: ముంబైలో ఎన్‌సీపీఏలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా వృత్తి ఆర్కెస్ట్రానే. అలాంటి చోటికైనా మోజార్ట్ కన్సర్టో, ఎక్సర్ప్ట్‌లు సిద్ధంగా ఉంచుకోండి. తెర వెనుక వాయించేటప్పుడు సందేహమొస్తే కమిటీతో మాట్లాడకూడదు. పక్కనున్న ప్రాక్టర్‌కు (మీ వైపు ఉండే పర్యవేక్షకుడికి) చెవిలో చెప్పండి, ఆయనే అడుగుతారు. దగ్గు, పాదాల చప్పుడు కూడా మీ గుర్తింపే కాబట్టి మెత్తటి చెప్పులు వేసుకోండి.

ఇక డాన్ జువాన్. 1888లో రాశారు, 1889లో వైమర్‌లో స్ట్రాస్ స్వయంగా నడిపించగా మొదటిసారి వాయించారు. వయొలిన్ ఆడిషన్లలో ఇది అడగని జాబితా అరుదు. సాధారణంగా మొదటి 62 బార్లు అడుగుతారు. ఇ మేజర్, గుర్తు హాఫ్ నోట్ 84. అంటే సిక్స్‌టీంత్‌లు సెకనుకు పదకొండు దాటుతాయి. అందరూ ఆ పరుగులను చూసి భయపడతారు. పరుగులు సాధనతో వస్తాయి. ఆ పేజీలో పడగొట్టేది సిక్స్‌టీంత్‌లు, ట్రిప్లెట్లు, డాటెడ్ జంటలు ఒకదాని వెంట ఒకటి రావడం. తకధిమి, తకిట, మళ్లీ తకధిమి. ట్రిప్లెట్ దాటి వచ్చిన చెయ్యి తర్వాతి డాటెడ్ జంటను కూడా ట్రిప్లెట్‌గానే వాయిస్తుంది. మోజార్ట్‌లో మీరు చేసిన తప్పే, రెండింతల వేగంలో. అందుకే ఇందాకటి పని అంతా.

ఈ వారం డాన్ జువాన్‌లో 20 బార్లకు మించి వెళ్లవద్దు. పెన్సిల్‌తో ప్రతి క్వార్టర్ మీద 4 లేదా 3 అని రాయండి. డాటెడ్ జంట మీద కూడా 4 అనే. రెండు రోజులు వయొలిన్ ముట్టుకోకుండా చేత్తో తాళం వేస్తూ కొన్నకోలులా (లయ అక్షరాలను నోటితో పలికే పద్ధతిలా) అనండి, హాఫ్ నోట్ 50 దగ్గర. మూడో రోజు వయొలిన్ మీద 60. వారం చివరికి 72 దాటవద్దు, చెయ్యి పరిగెత్తినా సరే.

ఏడో రోజు పరీక్ష. నాలుగు చీటీలు రాయండి: ఆందాంతే 1–27, ఆందాంతే 96–105, రెండో పాఠంలో చేసిన ఫినాలే (చివరి మూవ్‌మెంట్) 1–41, డాన్ జువాన్ 20 బార్లు. ఫోన్‌ను పక్క గదిలో పెట్టి తలుపు సగం మూయండి, అదే మీ తెర. మూడు అంతస్తుల మెట్లు ఎక్కి దిగి, గుండె వేగంగా కొట్టుకుంటుండగానే చీటీ తీయండి. ప్రతి ఎక్సర్ప్ట్‌కు ముందు ఐదు సెకన్లు మౌనం, అందులో ఒక తకధిమి. ఒక్కసారే వాయించాలి. తప్పు దొర్లినా ఆగకూడదు, మళ్లీ మొదలుపెట్టకూడదు. నాలుగూ ఒకే రికార్డింగ్‌లో, మధ్యలో కోతలు లేకుండా పంపండి. ఆందాంతే 3వ బార్‌లో మీ చిన్న నోట్ ఎన్ని మిల్లీసెకన్లుందో మీరే కొలిచి దానితో పాటు రాయండి. అది లేకుండా వచ్చిన రికార్డింగ్‌ను ఈసారి వినను. అవి చూశాకే 21వ బార్ నుంచి ముందుకు వెళ్దాం.