చెరువు గట్టున పక్షులు చచ్చిపడి ఉంటే ఏం చేయాలి?

ముందు అక్కడే ఆగండి. కర్రతో పొడిచి చూడటం, ఫొటో కోసం రెక్క పట్టి లేపడం వద్దు. వెంట కుక్క ఉంటే గొలుసు వదలకండి.

దూరం నుంచే లెక్కపెట్టండి. ఒక్క కాకి చనిపోతే కరెంటు తీగ తగిలి ఉండవచ్చు. ఒకేచోట ఐదారు పడి ఉన్నా, బతికున్నవి మెడ వంకర తిప్పుకుని తూలుతున్నా అనుమానించాల్సిందే. అలాగని బర్డ్ ఫ్లూ అని మీరే తేల్చేసి వాట్సాప్‌లో పెట్టకండి. 2019లో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సులో వేల పక్షులు చనిపోయింది బొటులిజం వల్ల, అంటే ఒక బ్యాక్టీరియా విషం వల్ల. 2021 జనవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని పాంగ్ డ్యామ్ జలాశయంలో వలస బాతుల్ని పొట్టన పెట్టుకున్నది మాత్రం బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్. గట్టున నిలబడి చూసేవారికి ఏది ఏదో తెలియదు. నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు వెళ్లాల్సిందే.

అందుకే వెంటనే దగ్గరి పశువైద్యశాలకు గానీ పశువైద్య సహాయ నంబరు 1962కు గానీ ఫోన్ చేయండి. కొల్లేరు, పులికాట్, నేలపట్టు లాంటి చోట్ల అటవీ సిబ్బందికి చెప్పండి. ఎక్కడ, ఏ పక్షులు, ఎన్ని, ఎప్పటి నుంచి అన్నది చెబితే చాలు. వాళ్లు వచ్చేలోగా గొయ్యి తీసి పూడ్చేయకండి, పరీక్షకు నమూనా దొరకదు.

ఇక చాలామంది పట్టించుకోనిది చెప్పులు. బాతుల పేగుల్లో పెరిగే బర్డ్ ఫ్లూ వైరస్ రెట్టతో బయటికొస్తుంది, చల్లటి నీటిలో వారాల తరబడి బతుకుతుంది. గట్టు మీద తొక్కిన బురదతో నేరుగా పెరటి కోళ్ల గూటికి వెళితే దాన్ని మోసుకెళ్లినట్టే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో హెచ్5ఎన్1 ఎంత నష్టం చేసిందో కోళ్లు పెంచేవారికి చెప్పనక్కర్లేదు. చెప్పుల అడుగున గాడుల్లో ఇరుక్కున్న మట్టిని వాకిలి బయటే పుల్లతో తీసి, బ్రష్షుతో సబ్బునీళ్లు పెట్టి రుద్దండి. ఈ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చెదరగొడుతుంది. చేతులు కూడా సబ్బుతో కడుక్కోండి. కోళ్లకు చెరువు నీళ్లు పెట్టడం కొన్నాళ్లు ఆపండి.

పక్షిని పట్టుకున్నవారికి పది రోజుల్లోపు జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు కనిపిస్తే డాక్టరుకు పక్షి సంగతి ముందే చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి.

భయంతో టపాకాయలు పేల్చి మిగతా పక్షుల్ని తరిమే పని మాత్రం పెట్టుకోకండి. జబ్బువి కూడా లేచి పక్క ఊరి చెరువులో వాలతాయి.