బ్రేక్ తొక్కితే ఆఫ్ అయ్యే పాత పికప్ - 4వ పాఠం: బయటికి కారని లీకు

పోయిన పాఠంలో డీజిల్ ఫిల్టర్ మార్చడం అంతా చెప్పి, చివర్లో "తర్వాత ఎయిర్ తీసేయండి" అని ఒక్క ముక్కతో వదిలేశాను. ఫిల్టర్ మార్చేటప్పుడు లోపల చేరిన గాలి పోకపోతే ఇంజిన్‌కి డీజిల్ సరిగా అందదు. తప్పు నాదే. అప్పటిదాకా సిగ్నల్ దగ్గర మాత్రమే ఆఫ్ అయ్యే బండి ఇప్పుడు ఇంటి ముందే స్టార్ట్ కావట్లేదని నలుగురు రాశారు. ఒకాయన సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దించేశారట. అందుకని ఈసారి చెబుతానన్న క్లచ్ సంగతి పక్కన పెడుతున్నా. దానికి పరీక్ష ఒక్కటే కాబట్టి ఇక్కడే అనేస్తా: న్యూట్రల్‌లోకి తెచ్చి బండి ఆపండి, అప్పుడూ ఆఫ్ అయితే తప్పు క్లచ్‌ది కాదు.

ఇదంతా మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ బండ్ల గురించే. మీది సీఆర్‌డీఐ (కంప్యూటర్ నడిపే కొత్తరకం డీజిల్ ఇంజిన్) అయితే చదవండి గానీ పానా పట్టుకోకండి, ఆ పైపుల్లో వెయ్యి బార్‌కి పైగా ప్రెషర్ ఉంటుంది, చర్మంలోంచి దూసుకుపోతుంది.

ముందు ఆ నలుగురి సంగతి. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు కూడా చేతికి వచ్చిందా? చాలాసార్లు రాదు, పైన ఫిల్టర్ బిగించే తలకే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీద కొత్త రింగు పెట్టి బిగిస్తే గట్టిగానే కూర్చున్నట్టు ఉంటుంది, కూర్చోదు. గోరుతో గీకి చూడండి. అలాగే పైపు బోల్టులకు అటూ ఇటూ ఉండే రాగి వాషర్లు. పాతవే వేశారా? నేనైతే విప్పిన ప్రతిసారీ కొత్తవి వేస్తా, అందులో పిసినారితనం చూపించను.

ఎయిర్ తీయడం ఇలా. ఫిల్టర్ తల మీది బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలేది) రెండు చుట్లు వదులు చేసి చేతి పంపు కొట్టండి. మొదట నురగ, తర్వాత బుడగలు, తర్వాత నికరంగా డీజిల్ వస్తుంది. ఆ డీజిల్ వస్తుండగానే, ఒక చెయ్యి పంపు కొడుతుండగానే రెండో చెయ్యి స్క్రూ బిగించాలి. కొట్టడం ఆపి, చెయ్యి తుడుచుకుని, తీరిగ్గా బిగిస్తే ఆ సందులోనే మళ్లీ గాలి పోతుంది. చేతి పంపు గట్టిపడేదాకా కొట్టి అప్పుడు సెల్ఫ్ కొట్టండి, ఒక్కసారికి పది సెకన్లు దాటొద్దు.

ఇక నాకు ఒళ్లు మండే మాట. "అన్నా, పైపంతా చూశాను, ఎక్కడా చుక్క కారట్లేదు, కాబట్టి లీకు లేదు." ఇది ముగ్గురు రాశారు. కొబ్బరిబోండాం తాగే స్ట్రాకి చిల్లు పడితే నీళ్లు బయటికి కారతాయా? మీ నోట్లోకి గాలి వస్తుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు అచ్చం ఆ స్ట్రానే. పంపు అక్కణ్ణుంచి డీజిల్‌ని పీలుస్తుంది, అందుకే చిల్లు ఉన్నా డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఫీడ్ పంపు దాటాక నెట్టే వైపు, అక్కడ లీకైతేనే తడి కనిపిస్తుంది. కొన్ని బండ్లలో విడిగా ఫీడ్ పంపు ఉండదు, ఇంజిన్‌కి డీజిల్ కొట్టే పెద్ద పంపే పీలుస్తుంది, చేతి పంపు ఫిల్టర్ తల మీదే ఉంటుంది. వాటిలో ఫిల్టర్ రింగు కూడా పీల్చే వైపే.

మరి రోడ్డు మీద బాగా పోయి, ఆపేటప్పుడే ఎందుకు ఆఫ్ అవుతుంది? స్పీడులో ఒకటి రెండు బుడగలు వచ్చినా ఇంజిన్ ఊపులో నెట్టుకుపోతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే గవర్నర్ (పంపులో డీజిల్ ఎంత ఇవ్వాలో చూసే భాగం) డీజిల్ దాదాపు కట్ చేసి, స్పీడు ఐడ్లింగ్‌కి దిగాక కాస్తంత ఇస్తుంది. ఆ కాస్త ఇవ్వాల్సిన క్షణంలో బుడగ వస్తే అంతే.

నా బండి ఇలాగే మదనపల్లె టమాటా మార్కెట్ లైన్లో రెండు నెలలు నా పరువు తీసింది. పది అడుగులు కదలడం, ఆగడం, ఆఫ్. వెనక హారన్లు. పైపు మొత్తం తడిమాను, పొడిగా ఉంది. చివరికి ట్యాంకు దగ్గర క్లిప్పు వదులు చేస్తే దాని కింద రబ్బరు ఎండిన మడిలా నెర్రెలిచ్చి ఉంది. అడుగు పైపు మార్చాను, అంతే.

ఇంకొకాయన బండి సగం ట్యాంకు పైన ఉంటే బంగారం, కిందికి దిగితే ఆఫ్. ట్యాంకు లోపల డీజిల్ పీల్చే గొట్టానికే మధ్యలో పగులు. డీజిల్ ఆ పగులు కిందికి దిగాక, బ్రేక్ కొట్టినప్పుడు ముందుకు ఊగిందంటే గాలి పీల్చడమే. గాలి పీల్చే చోట్లు ఇంకా ఉన్నాయి, అవీ చూడండి: ఫిల్టర్‌కి నీళ్లు వదిలే స్క్రూ, చేతి పంపు లోపలి వాషర్, ఛాసిస్ మీద రుద్దుకునే రబ్బరు పైపు ముక్క.

అమెరికా పికప్ వీడియోలు చూసి బ్రేక్ బూస్టర్ (బ్రేక్ తేలిగ్గా పడేలా వ్యాక్యూమ్‌తో సాయం చేసే డబ్బా) పైపు మార్చిన వాళ్లకు ఒక మాట. అవి పెట్రోల్ బండ్లు, ఆ పైపు లీకైతే ఇంజిన్ తడబడుతుంది. మన బండ్లలో ఎక్కువగా ఆ వ్యాక్యూమ్ ఆల్టర్నేటర్ వెనకుండే పంపు ఇస్తుంది, లీకైతే బ్రేక్ గట్టిపడుతుంది గానీ ఇంజిన్ ఆగదు. అలాగే బ్రేక్ మీద ఉండగా ఇంజిన్ ఆగితే పెడల్‌ని పదేపదే తొక్కి వదలకండి, మిగిలిన వ్యాక్యూమ్ అయిపోతుంది. ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకోండి.

గుడగుడలాడి కాకుండా స్విచ్ కట్టేసినట్టు టప్పున ఆగుతుంటే మాత్రం ఇవేవీ వద్దు. స్టాప్ సోలినాయిడ్ (తాళం తీస్తే డీజిల్ ఆపేసే కరెంటు వాల్వు) వైరు చూడండి.

ఆఫ్ కాకుండా ఉండాలని ఐడ్లింగ్ స్క్రూ తిప్పానని రాసిన పెద్దమనిషి, దయచేసి మళ్లీ పాత చోటికి తిప్పండి. సీలు వేసి ఉన్న స్క్రూ తిప్పి ఉంటే, మీకు పొగ కూడా మొదలై ఉంటుంది, డీజిల్ పంపు బాగుచేసే షాపుకే పోవాలి.

ఈసారి హోంవర్క్ కాస్త పెద్దదే. ఐదు లీటర్ల క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, సైలెన్సర్ వేడికి దూరంగా ఇంజిన్ కంటే ఎత్తులో కట్టి, ఫీడ్ పంపు దగ్గర (అది లేని బండ్లలో ఫిల్టర్ దగ్గర) ట్యాంకు పైపు తీసి, అక్కడికి క్యాన్ నుంచి పారదర్శకంగా ఉండే పైపు ఇవ్వండి. రిటర్న్ పైపు (మిగిలిన డీజిల్‌ని వెనక్కి పంపేది) కూడా క్యాన్‌లోనే పెట్టాలి, లేకపోతే డీజిల్ అంతా ట్యాంకులోకి పోయి క్యాన్ ఖాళీ. బండి నిలబెట్టే ఉంచి, ఎయిర్ తీసి, ఇంజిన్ వేడెక్కాక రేస్ ఇచ్చి ఒక్కసారిగా వదలండి, ఇరవై సార్లు. తర్వాత ట్యాంకు పైపు, రిటర్న్ పైపు రెండూ మళ్లీ తగిలించి, ఎయిర్ తీసి ఇంకో ఇరవై. క్యాన్ మీద ఆఫ్ కాకుండా ట్యాంకు మీద అయితే దొంగ పీల్చే వైపు ఉన్నాడు. రెండింటి మీదా అయితే ఫీడ్ పంపు నుంచి ఇంజిన్ వైపు వెతకాలి. ట్యాంకులో డీజిల్ ఎంత ఉందో కూడా రాసి పెట్టండి, "సుమారుగా సగం" అని కాదు, పుల్ల పెట్టి కొలిచి.