పోర్టబుల్ ఏసీని ఇంట్లో ఎక్కడ పెట్టాలి: కొత్తగా విదేశాలకు వచ్చినవారికి సూచనలు

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి చదువుకో ఉద్యోగానికో విదేశాలకు వెళ్లేవారు రెండు స్వెట్టర్లు ఎక్కువే సర్దుకుంటారు గాని, అక్కడ ఎండాకాలం గురించి ఆలోచించేవారు తక్కువ. 2021 జూన్ 28న అమెరికాలోని సియాటిల్‌లో 42 డిగ్రీలు, 2022 జూలై 19న ఇంగ్లండ్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదయ్యాయి. మే నెల మిర్యాలగూడలో పెరిగినవారికి ఈ అంకెలు పెద్దవిగా కనిపించకపోవచ్చు. అయితే చలిదేశాల ఇళ్లను వేడి లోపలే నిలిచేలా కడతారు, పాత అపార్ట్‌మెంట్లు చాలావాటిలో సీలింగ్ ఫ్యాను కూడా ఉండదు. అద్దె ఇంటి గోడకు రంధ్రం పెట్టే వీలుండదు కాబట్టి, చివరికి అందరూ కొనేది కింద చక్రాలుండే పోర్టబుల్ ఏసీ.

దానితో వచ్చే చిక్కంతా మనకు కూలర్ అలవాటు కావడం వల్లనే. కూలర్‌ను కిటికీ దగ్గర పెట్టి, ఎదురుగా దర్వాజ తెరిచి ఉంచితేనే పని చేస్తుందని మన దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు; గాలి బయటికి పోయే దారి లేకపోతే గది ఉక్కపోసి పరుపులు చెమ్మగిల్లుతాయి. నేను మొదటి వేసవిలో అదే తెలివితో ఏసీని హాలు మధ్యలో నిలబెట్టి, రెండు కిటికీలూ తెరిచి, వెనుక పైపును బాత్రూములోకి వదిలాను. గంటన్నర తరువాత చూస్తే గది ముందుకన్నా వేడెక్కి ఉంది. యంత్రం చెడ్డదని దుకాణం వారితో వాదించడానికి కూడా వెళ్లాను, ఆ సంగతి ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఏసీ గదిలోని వేడిని తీసి మరోచోట పారబోస్తుంది. మన ఇళ్లలోని స్ప్లిట్ ఏసీకి ఆ పారబోసే భాగం మిద్దె మీదనో గోడ బయటనో ఉంటుంది. పోర్టబుల్ ఏసీలో రెండు భాగాలూ ఒకే పెట్టెలో, అదీ మన గదిలోనే ఉంటాయి. కనుక వెనుక పైపు ఇంటి బయటికి పోకపోతే ఆ వేడి ఇంట్లోనే తిరుగుతుంది. పైగా ఒక్క పైపు ఉన్న యంత్రం గదిలోని గాలినే బయటికి నెడుతుంది. నెట్టిన గాలికి బదులుగా తలుపు సందుల నుంచి, కిటికీ అంచుల నుంచి బయటి వేడిగాలి లోపలికి వస్తుంది. రెండు పైపుల యంత్రం ఒకదానితో బయటి గాలిని తీసుకుని, రెండవదానితో వేడిని వదులుతుంది కాబట్టి ఈ నష్టం తక్కువ. ధర కొంత ఎక్కువైనా నేను దానివైపే మొగ్గుతాను.

కాబట్టి స్థలం ఎంపిక కిటికీతో మొదలవుతుంది. పైపు సాధారణంగా ఒకటిన్నర మీటరు పొడవే ఉంటుంది. మరో పైపు అతికించి పొడిగిస్తే వేడిగాలి సరిగా బయటికి పోక యంత్రం మీద భారం పడుతుంది. పైపు కూడా బాగా వేడెక్కుతుంది గనుక అది ఎంత పొట్టిగా, వంపులు లేకుండా ఉంటే అంత మంచిది. యంత్రాన్ని కిటికీ పక్కనే, గోడకు ఒకటిన్నర అడుగుల దూరంలో, పరదా గాలిదారికి అడ్డం రాకుండా పెట్టాలి. పడమటి ఎండ నేరుగా పడే కిటికీ తప్ప వేరేది లేకపోతే బయటి ఎండకు అడ్డంగా మందపాటి పరదా వేయాలి.

పైపు పెట్టాక కిటికీలో మిగిలే సందును మూయడానికి యంత్రంతో వచ్చే పలకలు పైకి జరిపే కిటికీలకు, పక్కకు జరిపే కిటికీలకు సరిపోతాయి. జర్మనీ వంటి దేశాల్లో కిటికీ రెక్క లోపలికి తెరుచుకుంటుంది; అక్కడ జిప్పు ఉన్న గుడ్డను చుట్టూ అంటించి, దానిలోంచి పైపును బయటికి పంపుతారు. కొనకముందే కిటికీని టేపుతో కొలుచుకోవడం, ఇంటి ఒప్పందంలో ఏసీ గురించి ఏముందో చదవడం మరవకూడదు. కింది అంతస్తులో ఉండేవారైతే, ఆ కిటికీని బయటినుంచి ఎవరూ తెరవలేకుండా కర్ర అడ్డం పెట్టాలి. పడకగదికి ఒకే కిటికీ ఉంటే అగ్నిప్రమాదంలో బయటపడే దారి అదే కావచ్చు, దాన్ని విప్పలేనంతగా బిగించకూడదు.

నలుగురు కలిసి ఉండే ఇంట్లో అందరికీ న్యాయంగా ఉంటుందని ఏసీని హాల్లో పెడుతుంటారు. వంటగదితో కలిసిపోయిన హాలును ఈ యంత్రం చల్లబరచలేదు, ఆ న్యాయం వల్ల నలుగురికీ నిద్ర ఉండదు. తలుపు మూసుకునే చిన్న గదిలో పెట్టి, ఎండ మరీ ఎక్కువైన నాలుగు రాత్రులు అందరూ అక్కడే పక్కలు వేసుకోవడం మేలు. ఊర్లో మిద్దె మీద వరుసగా పడుకున్నవారికి అది కొత్తేమీ కాదు. కంప్రెసర్ గదిలోనే ఉంటుంది కనుక చప్పుడుకు సిద్ధపడాలి, తలాపున కాక కాళ్లవైపు పెట్టుకోవాలి. అక్కడ ఏసీ చల్లబరిచే శక్తిని బీటీయూలలో చెబుతారు; కొనేటప్పుడు 12,000 బీటీయూ అంటే మన లెక్కలో ఒక టన్ను అని గుర్తుంచుకోవాలి. అమెరికాలో డబ్బా మీద రెండు అంకెలుంటే, ఎస్ఏసీసీ (SACC) అని రాసి ఉన్న చిన్న అంకెనే నమ్మాలి; లోపలికి వచ్చే వేడిగాలి వంటి నష్టాలు తీసేశాక మిగిలే చల్లదనం అదే.

కరెంటు విషయంలో అమెరికా వెళ్లేవారికి ఒక మాట. అక్కడ ఇళ్లలో మామూలు ప్లగ్గులకు 120 వోల్టులే వస్తాయి, గది ప్లగ్గులకు తరచుగా 15 ఆంపియర్ల బ్రేకర్ ఉంటుంది. గంటల తరబడి నడిచే యంత్రానికి అందులో 12 ఆంపియర్లు మించకూడదు. అదే బ్రేకర్ కింద ఉన్న మరో ప్లగ్గుకు రైస్ కుక్కర్ పెడితే అన్నం ఉడకకముందే చీకటి అవుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడవద్దు. వైరు వేడెక్కి కాలిన ఇళ్లున్నాయి. ప్లగ్గు అందని చోటు మంచి చోటు కాదు.

కూలర్‌లో మనం నీళ్లు పోస్తాం, ఏసీ మాత్రం గాలిలోని తేమను నీళ్లుగా తీస్తుంది. తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో లోపలి తొట్టి నిండి యంత్రం దానంతటదే ఆగిపోతుంది. మన షాబాదు బండల మీద నీళ్లు ఒలికితే గుడ్డతో తుడిచేస్తాం. అక్కడ కింద చెక్కో తివాచీయో ఉంటుంది, అది పాడైతే డిపాజిట్‌లో కోత పడుతుంది. అందువల్ల అడుగున ఉన్న బిరడా తీసి పళ్లెం పెట్టే జాగా ఉండాలి, నేల సమతలంగా ఉండాలి.

గ్యాసుతో మండే పాతరకం నీళ్ల హీటర్ గాని, పొగగొట్టం ఉన్న పొయ్యి గాని అదే గదిలో ఉంటే అక్కడ ఒక్క పైపు ఏసీని పెట్టవద్దు. అది గాలిని లాగేటప్పుడు పొగగొట్టంలో పోవలసిన విషవాయువు లోపలికి మళ్లవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ అనే ఆ విషవాయువుకు వాసన ఉండదు, దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరి.

సెమిస్టరు చివర ఇల్లు ఖాళీ చేసేవారి దగ్గర పాతది కొంటే, కిటికీ పలకలు, పైపు, దాని రెండు చివరల బిగింపులు ఉన్నాయో లేదో ముందు చూడాలి. అవి లేని యంత్రం ఎంత చవకైనా వద్దు. కారులో పడుకోబెట్టి తెచ్చి ఉంటే, కంప్రెసర్‌లోని నూనె తిరిగి కిందికి చేరడానికి ఒక రోజంతా నిలబెట్టి ఉంచి, ఆ తరువాతే ప్లగ్గు పెట్టాలి.