ఆపరేషన్ తర్వాత నొప్పి, నిద్ర – పాఠం 3: బిగించి వదలడం

పోయిన పాఠంలో పొట్ట కదిలేలా ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నాం. అది ఇంకా పట్టుబడకపోతే మరో రెండు రోజులు దాని మీదే ఉండండి. పట్టుబడినవాళ్ళకి ఇవాళ ఒంట్లో కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే పద్ధతి. 1920ల్లో ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా డాక్టరు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన నేర్పింది చాలా పొడవైన సాధన. మనం చేసేది దాని పొట్టి రూపం.

మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ళను మనసులో పెట్టుకుని చెబుతాను. కోత మోకాలి దగ్గరే. కానీ రాత్రి పడుకున్నాక దవడ, భుజాలు, బాగున్న కాలు కూడా బిగుసుకునే ఉంటాయి. కదిలితే ఎక్కడ నొప్పి పుడుతుందోనని ఒళ్ళంతా కాపలా కాస్తుంటుంది. దాంతో నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే మర్నాడు నొప్పి మరీ ఎక్కువనిపిస్తుంది. కోత నొప్పిని ఈ సాధన తీసేయలేదు, దాని చుట్టూ పోగైన బిగువును తగ్గించగలదు. అందుకే డాక్టరు రాసిన బిళ్ళ మానొద్దు. అది వేసుకున్న ముప్పావుగంటకి, మందు పనిచేస్తున్నప్పుడు మొదలుపెట్టండి.

వెల్లకిలా పడుకోండి. మోకాలి కింద దిండు వద్దు. సుఖంగానే ఉంటుంది గానీ, అలవాటైతే మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది, తర్వాత దాన్ని చాపించేటప్పుడు ప్రాణం పోతుంది. ఎత్తు కావాలంటే మడమ కింద పెట్టుకోండి.

కుడి పిడికిలి బిగించండి, సగం బలం చాలు. సెలైన్ సూది ఉన్న చేతిని మాత్రం కదపొద్దు. మనసులో ఐదు లెక్కపెట్టి, ఊపిరి వదులుతూ పిడికిలి వదిలేయండి. ఇక ఇరవై దాకా లెక్కపెడుతూ ఆ చేతిలో ఏం మారిందో గమనించండి. అసలు పని ఇక్కడే. చాలామంది బిగించడం బ్రహ్మాండంగా చేస్తారు, వదలగానే తర్వాతి దానికి పరిగెడతారు.

ఆ తర్వాత ఎడమ పిడికిలి, భుజాలు, కళ్ళు, బాగున్న కాలు. దవడకి బిగింపు అక్కర్లేదు, పెదాలు మూసి పళ్ళ మధ్య కాస్త సందు ఉంచితే చాలు. ఎక్కడా ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఉన్నవాళ్ళు మరీనూ.

ఆపరేషన్ అయిన కాలును బిగించకండి. ధ్యాస మాత్రం తొడ నుంచి పాదం దాకా నడిపించి, ఊపిరి వదిలినప్పుడల్లా కాలు బరువెక్కి పరుపులోకి దిగుతోందనుకోండి. ఫిజియోథెరపిస్ట్ చెప్పిన తొడ బిగింపు వేరే సంగతి, దాన్ని దాని వేళకే చేయండి. పొట్టకి ఆపరేషన్ అయినవాళ్ళకి పొట్ట, నడుముల విషయంలోనూ ఇదే పద్ధతి.

మొదటిసారే అర్ధరాత్రి ప్రయత్నించకండి, రాకపోతే టెన్షన్ పెరుగుతుంది. పగలు, పరామర్శకి వచ్చినవాళ్ళు వెళ్ళాక, టీవీ కట్టేసి చేయండి. మధ్యలో నిద్ర పడితే అదృష్టమే, లేచి పూర్తి చేయనక్కర్లేదు.

పిక్కలో కొత్తగా నొప్పి, వాపు, జ్వరం, కుట్ల దగ్గర చీము కనిపిస్తే సాధనతో సరిపెట్టుకోకుండా ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే వెంటనే వెళ్ళిపోవాలి.

వచ్చే పాఠం అర్ధరాత్రి మెలకువ గురించి. ఈలోగా రోజుకి రెండుసార్లు చేసి, ఏ భాగం వదలనని మొండికేస్తోందో రాసిపెట్టుకోండి. అక్కణ్ణించే మొదలుపెడదాం.