చవక ‘ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్’ పనిచేస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా?

ఏసీ వేసుకుని, ఐదుగురు కూర్చుని కాజీపేట దగ్గర ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కితే చిన్న పెట్రోల్ కారు ఏదైనా కాస్త మూలుగుతుంది. సరిగ్గా అలాంటి కార్ల వాళ్ల కోసమే ఫోన్‌లో ‘ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్’ పేరుతో ఒక ప్రకటన తిరుగుతుంటుంది. గాలి పైపు మధ్యలో ఈ చిన్న ఫ్యాన్ బిగించండి, బ్యాటరీకి రెండు వైర్లు కలపండి, పికప్ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది అని. కొనకముందు కొంచెం లెక్క వేసుకుంటే చాలు. ఇప్పటికే కొన్నవాళ్లకు కింద ఒక పరీక్ష ఉంది.

ముందు డబ్బా మీద ఆంపియర్లు చూడండి

గాలిని ఒత్తి నింపడమే సూపర్‌చార్జర్ పని. సిలిండర్‌లోకి గాలి ఎక్కువ వెళ్తే, దానికి తగ్గట్టు పెట్రోల్ ఎక్కువ కాలి పవర్ పెరుగుతుంది. టేబుల్ ఫ్యాన్ ముందు ఎంతసేపు పెట్టినా సైకిల్ ట్యూబ్ నిండదు కదా. గాలి తోలడం వేరు, ప్రెషర్ పుట్టించడం వేరు.

ఇప్పుడు మీ ఇంజిన్ లెక్క. 1200 సీసీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోందనుకోండి. ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. అంటే 1.2 లీటర్లు × 3000, నిమిషానికి దాదాపు 3600 లీటర్లు. సెకనుకు 60 లీటర్లు. ఫ్యాన్ లేకుండానే ఇంజిన్ తనంతట తాను పీల్చుకునే గాలి ఇది. అంతకన్నా వేగంగా, అదీ ప్రెషర్‌తో తోయగలిగితేనే ఫ్యాన్ వల్ల లాభం. లేదంటే అది పైపులో అడ్డమే.

టైరు గాలి భాషలో చెప్పాలంటే, 4 నుంచి 5 పీఎస్‌ఐ అదనపు ప్రెషర్ వస్తే పవర్ పాతిక శాతం దాకా పెరగొచ్చు. పైన చెప్పిన ఇంజిన్‌కు అంత ప్రెషర్ ఇవ్వాలంటే మోటారు సుమారు 3000 వాట్లు లాగాలి. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 250 ఆంపియర్లు. చిన్న కార్లలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మొత్తం ఇచ్చేదే వంద ఆంపియర్ల లోపు. డబ్బా మీద 5 ఆంపియర్లు అని ఉంటే మోటారు 60 వాట్లది. 15 అని ఉన్నా 180 వాట్లే. ఆంపియర్లు రాయకుంటే వైరు చూడండి. 250 ఆంపియర్లు మోయాలంటే సెల్ఫ్ మోటారుకు వెళ్లేంత లావు వైరు ఉండాలి. హారన్ వైరంత సన్నగా ఉంటే ఇక మాట్లాడుకోవడానికేం లేదు.

అసలు కరెంటుతో నడిచే సూపర్‌చార్జర్లే లేవా అంటే, ఉన్నాయి. 2016లో వచ్చిన ఆడీ ఎస్‌క్యూ7 డీజిల్‌లో ఒకటి పెట్టారు. దాని మోటారు 7 కిలోవాట్లది, నిమిషానికి 70,000 చుట్ల దాకా తిరుగుతుంది. దానికోసం కారులో విడిగా 48 వోల్టుల కరెంటు ఏర్పాటు చేశారు. ఇంత చేసినా అది పనిచేసేది టర్బో (ఇంజిన్ పొగ తోపుతో తిరిగి గాలి నింపే పరికరం) ఇంకా అందుకోని ఆ కాసేపే.

కొన్నారా? అయితే పరీక్షించండి

షాపువాళ్లు ఐడ్లింగ్‌లో ఫ్యాన్ తిప్పి, ముందు కాగితం ఎగరేసి చూపిస్తే నమ్మకండి. అప్పుడు ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ మూత దాదాపు మూసే ఉంటుంది, ఇంజిన్‌కు కావలసిన గాలి చాలా తక్కువ. ఫుల్ యాక్సిలరేటర్‌లో ఏం జరుగుతుందో చూడాలి.

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్‌లు కారు కంప్యూటర్ రీడింగులు చూసేది ఇక్కడే) గుచ్చే బ్లూటూత్ అడాప్టర్ ఒకటి తీసుకోండి. కొన్ని వందలకే దొరుకుతుంది. ఫోన్‌లో ఓబీడీ యాప్ పెట్టుకుని ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెషర్, అంటే సిలిండర్లలోకి వెళ్లే గాలి ప్రెషర్, తెరవండి. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే బయటి గాలి ప్రెషర్ కనిపిస్తుంది. వరంగల్ ఎత్తుకు అది 98 కిలోపాస్కల్ చుట్టుపక్కల ఉంటుంది. ఆ అంకె రాసుకోండి.

తెల్లవారుజామున ములుగు రోడ్డులోనో, మీకు తెలిసిన మరో ఖాళీ రోడ్డులోనో, ముందు ఫ్యాన్ కిట్ పూర్తిగా తీసేసి నడపండి. ఏసీ ఆపండి. మూడో గేరులో 2000 ఆర్‌పీఎం నుంచి 4000 దాకా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఫోన్ పక్కవాళ్ల చేతిలోనే ఉండాలి, నడిపేవాళ్లు దానికేసి చూడొద్దు. తర్వాత ఫ్యాన్ బిగించి, ఆన్ చేసి, అదే రోడ్డులో అదే దిక్కుగా మళ్లీ అలాగే నడపండి.

ఫ్యాన్ లేకుండా తీసిన రీడింగ్ బయటి ప్రెషర్‌కు కాస్త తక్కువగా ఉంటుంది. అది మామూలే. ఫ్యాన్‌తో 120 దాటితే మీరు కొన్నది నిజంగా సూపర్‌చార్జరే. ఒకటి రెండు కిలోపాస్కల్‌ల తేడాను గాలివాటం కింద వదిలేయండి. రీడింగ్ ముందుకన్నా తగ్గితే ఫ్యాన్ రెక్కలు దారికి అడ్డుపడుతున్నట్టే. నడుపుతుంటే బండి హుషారుగా ఉన్నట్టు అనిపిస్తోందంటారా? కొత్త చప్పుడు వినిపిస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, అంకెనే నమ్మండి. మీ కారులో ముందే టర్బో ఉంటే ప్రెషర్ ఎలాగూ 98 దాటుతుంది కాబట్టి ఈ పరీక్ష పనికిరాదు. ఆ కారుకు ఈ ఫ్యాన్ అవసరమూ లేదు.

ఏమీ తేడా లేకపోతే కిట్ ఊడదీసి, పాత పైపు మళ్లీ బిగించండి. ఉండనిద్దాంలే అనుకోవద్దు. ఎయిర్ ఫిల్టర్ దాటాక బిగించిన ప్లాస్టిక్ రెక్క విరిగితే ముక్కలు నేరుగా ఇంజిన్‌లోకే వెళ్తాయి. ఫ్యూజ్ లేకుండా బ్యాటరీకి కలిపిన వైరు ఎక్కడైనా రాసుకుంటే మంటలు లేవొచ్చు. వారంటీ ఉన్న కారైతే సర్వీస్ సెంటర్‌లో ఆ గొడవ వేరే.

మరి పికప్ సంగతి?

ఎయిర్ ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. ఎనుమాముల మార్కెట్ వైపు పత్తి సీజన్‌లోనూ, కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారుల్లోనూ తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల కంటే ముందే ఫిల్టర్ మార్చాల్సి రావచ్చు. టైర్లలో గాలి, స్పార్క్ ప్లగ్గులు, పట్టేసిన బ్రేకులు కూడా చూపించండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం పెరుగుతూ స్పీడు మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోందని అర్థం. అవన్నీ బాగుండి కూడా బండి లాగకపోతే మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లు గాలిని ఎంత గట్టిగా నొక్కుతున్నాయో చూసే పరీక్ష) చేయించండి. ఏ సిలిండర్ బలహీనంగా ఉందో గేజ్ మీద కనిపిస్తుంది.