బీబీసీ మైక్రోకు మళ్లీ కరెంటు ఇచ్చే ముందు

1984-85లో క్లాస్ అనే బడి కంప్యూటర్ విద్యా పథకం కింద మన దేశంలోని బడులకు వచ్చిన కంప్యూటర్ బీబీసీ మైక్రో. కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ సంస్థ 1981 చివర్లో విడుదల చేసింది. ఎక్కడో స్టోర్‌రూములో ఒకటి దొరికితే ఆత్రపడి ప్లగ్గు పెట్టకండి. మొదట బాగానే వెలుగుతుంది. కాసేపటికి పవర్ సప్లైలోంచి దట్టమైన పొగ, గదంతా ఘాటు వాసన!

దానికి కారణం మెయిన్స్ (ఇంటి కరెంటు) వైర్ల మధ్య ఉండే రెండు ఫిల్టర్ కెపాసిటర్లు, అంటే కరెంటులోని విద్యుత్ రొదను అడ్డుకునే భాగాలు. పసుపు రంగు పారదర్శక పెట్టెలో, రీఫా అన్న పేరుతో ఉంటాయి. లోపల ఉన్నది లోహపు పూత వేసిన కాగితం. ఏళ్లు గడిచేకొద్దీ పైపెట్టె బీటలువారి, కాగితం తేమ పీల్చి, కరెంటు తగలగానే వేడెక్కి పేలుతుంది. బీటలు కనిపించకపోయినా రెండూ మార్చేయండి. వీటి విషయంలో మొహమాటం పనికిరాదు.

ప్లగ్గు పూర్తిగా పీకండి. వెనక రెండు, కీబోర్డు కింద రెండు స్క్రూలు తీస్తే మూత వస్తుంది. బోర్డుకు వెళ్లే ఏడు వైర్లను ఫోటో తీసుకోండి: ఎరుపు మూడు +5 వోల్టులు, నలుపు మూడు గ్రౌండు, ఊదా ఒకటి −5. తిరిగి పెట్టేటప్పుడు ఇవి తారుమారైతే చిప్‌లు పోతాయి. అడుగున మూడు స్క్రూలు విప్పితే సప్లై పెట్టె బయటికి వస్తుంది.

ఇటీవలే కరెంటు ఇచ్చి ఉంటే లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు. 10 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకుని ఆ కెపాసిటర్ కాళ్లకు ఆనించి, మీటరులో 5 వోల్టుల లోపుకు దిగాకే చెయ్యి పెట్టండి. మెయిన్స్ పని అలవాటు లేకపోతే టీవీ మెకానిక్ చేత చేయించండి.

రీఫాల బదులు పెట్టే కొత్తవి 0.1, 0.01 మైక్రోఫారడ్‌లవి, ఎక్స్2 రకం (మెయిన్స్ వైర్ల మధ్య పెట్టడానికి తగిన భద్రతా తరగతి), 275 వోల్టుల ఏసీకి తగ్గనివి. 400 వోల్టుల డీసీ అని రాసి ఉన్న మామూలు ఫిల్మ్ కెపాసిటర్ ఇక్కడ వాడకూడదు. కాళ్ల మధ్య దూరం కొలిచి కొనండి. అసలు ఆన్ కాకపోయినా, ఆలస్యంగా ఆన్ అయినా, 220 మైక్రోఫారడ్, 10 వోల్టుల చిన్న ఎలక్ట్రోలిటిక్‌నీ మార్చాలి.

బోర్డుకు కలపకముందే పరీక్ష: +5కీ గ్రౌండుకీ మధ్య 4.7 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్ పెట్టి ఆన్ చేయండి. సుమారు ఒక ఆంపియర్ లాగుతుంది, వేడెక్కుతుంది, ముట్టుకోవద్దు. మీటరు 4.75, 5.25 మధ్య చూపాలి. ఇలా లోడు (రెసిస్టర్) లేకుండా కొలిచిన అంకెను నమ్మకండి.

బోర్డు కలిపాక మొదట బొంగురు శబ్దం, వెంటనే సన్నటి బీప్ వస్తే గండం గట్టెక్కినట్టే. బొంగురు శబ్దమే ఆగకుండా వస్తుంటే ప్రాసెసర్ లేచి ముందుకు సాగలేదన్నమాట. ఆపేసి, సాకెట్లలోని రోమ్ చిప్‌లను (ప్రోగ్రాములు శాశ్వతంగా ఉండేవి) కొద్దిగా పైకి లేపి మళ్లీ నొక్కండి. చాలాసార్లు కాళ్లకు పట్టిన తుప్పే కారణం.

శబ్దం సరిగా ఉండి తెర చీకటిగా ఉంటే మానిటర్‌ను అనుమానించండి. దీని ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పంపే) సిగ్నల్ 15.6 కిలోహెర్ట్జ్‌ది, మామూలు వీజీఏ మానిటర్లకు 31 కావాలి. బొమ్మ మొత్తాన్ని ఒకే సిగ్నల్‌గా పంపే కాంపోజిట్ సాకెట్‌ను టీవీకి కలిపితే బొమ్మ వస్తుంది గానీ నలుపు తెలుపుల్లోనే. అందులో రంగులు కావాలంటే బోర్డు మీద ఎస్39 అని రాసి ఉన్న లింకును కలపాలి.