హస్తకళల సంతలో కానుకలు కొనేటప్పుడు

వెళ్లగానే కొనేయకండి. ఎవరికి ఏమివ్వాలో ముందే రాసుకుని, మొదటి చుట్టు చూడ్డానికే తిరగండి. ఒకే బొమ్మ, అవే గీతలతో నాలుగైదు కొట్లలో కనిపిస్తే అది టోకు సరుకే అయ్యుంటుంది. పని చేస్తూ అమ్మేవాళ్లు దొరికితే అదృష్టమే: ఏ సరుకుతో చేశారు, ఎలా శుభ్రం చేయాలి అని అడగండి. కానుకతో పాటు ఆ మాట కూడా చెప్పి ఇవ్వాలి.

బట్టయితే తిరగేసి చూడాలి. చెక్క అచ్చుతో అద్దినదైతే అచ్చులు కలిసే చోట కొద్దిగా తేడా ఉంటుంది, రంగు వెనక్కి దిగుతుంది. వెనక తెల్లగా, ముందు డిజైన్ వెంట్రుకవాసి తప్పకుండా ఉంటే మిషన్ ప్రింట్ అని అనుమానించండి. తడి తెల్ల రుమాలుతో మూల రుద్దండి. ముదురు నీలం కాస్త అంటడం మామూలే, ధారాళంగా దిగితే మాత్రం వద్దు. పట్టు అని చెప్పి అమ్ముతుంటే, అడిగి ఒక పోగు తీసుకుని బయట కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడైతే పాలిస్టర్ కాదు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టరే. ఉన్ని కూడా పట్టులాగే కాలుతుంది కాబట్టి మెరుపు, నునుపు కూడా చూసుకోవాలి.

మట్టిపాత్రను వేలితో తట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే ఎక్కడో బీట ఉండొచ్చు. మెరుగు పూతలో సీసం ఉండొచ్చు, పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది. గ్యారంటీ లేకపోతే అలంకారానికే కొనండి. ఇత్తడికి అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుమే. వెండి మీద 925 ముద్ర ఉంటే 92.5 శాతం వెండి అని అర్థం, కానీ ముద్ర ఎవరైనా కొట్టొచ్చు. చెక్కలో సన్నని రంధ్రాల నుంచి పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టే.

దంతం, తాబేలు చిప్ప, పగడం జోలికి పోవద్దు. అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే, 1975 నుంచి అమల్లో ఉన్న సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద చాలావాటిని దేశాలు దాటించడానికి పర్మిట్ కావాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు చెక్క, గడ్డి, గింజలు, ఈకలతో చేసిన వస్తువుల్ని కస్టమ్స్ ఫారంలో తప్పక రాయాలి.

బేరం మొదలుపెట్టాక, మీరు చెప్పిన ధరకు అమ్మేవాళ్లు ఒప్పుకుంటే కొనాల్సిందే. మూడు నాలుగు వస్తువులు కలిపి ధర అడిగితే తగ్గింపు సులువు. రోజుల తరబడి చేసిన పనికి మరీ గీసి గీసి బేరమాడటం అన్యాయం.

పాత్రల లోపల సాక్సులు కుక్కండి, పైన రెండు పొరల బట్ట చుట్టి సూట్‌కేసు మధ్యలో పెట్టండి. అంచులకు ఆనిస్తే దెబ్బ నేరుగా తగులుతుంది. పిడులు, మూతులు, కొక్కేలు ముందు విరిగేవి కాబట్టి వాటికి విడిగా మెత్తటి గుడ్డ చుట్టాలి. కత్తులు, కత్తెరలు చెకిన్ బ్యాగులోకి. రసీదు చేతి సంచిలో ఉంచుకోండి, కస్టమ్స్‌లో అడుగుతారు.